చెవమ్మా చెక్కపొట్టూ

ఆ బుధవారం చెవమ్మ ఫోనును పంజరంలో పెట్టి గడియ వేసి, ఎలుకను హ్యాండ్‌బ్యాగులో వేసుకుని ఆఫీసుకు వెళ్ళింది.

ఇందులో ఆమె తప్పు పెద్దగా లేదు. ఎనిమిదీ పదికి ఇంట్లోంచి బయటపడాల్సిన మనిషి, ఎనిమిదీ ఎనిమిదికి ఒక చేత్తో ఎలుకను, ఇంకో చేత్తో ఫోనును పట్టుకుని వరండాలో నిలబడి ఉంది. రెండూ చేతికి ఇంచుమించు ఒకే సైజు. రెండూ కాస్త వెచ్చగా ఉంటాయి. ఒకటి పంజరంలోకి వెళ్ళాలి, ఒకటి బ్యాగులోకి వెళ్ళాలి. వెళ్ళాయి.

బస్సులో ఎలుక ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. ఆఫీసుకు చేరి, కళ్ళజోడు కోసం బ్యాగు జిప్పు లాగితే అది తల బయటపెట్టి చుట్టూ చూసింది. అప్పటికి బిస్కెట్ల పొట్లంలో సగం, బస్సు పాసులో ఒక మూల అయిపోయాయి. చెవమ్మ ఒక నిమిషం ఆలోచించింది. కింది సొరుగులో కాగితాలు ఖాళీ చేసి, మిగతా సగం బిస్కెట్లతో ఎలుకను అందులో దింపి, గాలి ఆడేంత సందు ఉంచి సొరుగు మూసింది. తర్వాత చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని మొదటి కాల్ తీసుకుంది. ఆ రోజు డెబ్బై ఒక్క కాల్స్ మాట్లాడింది. ఒక్కరికీ అనుమానం రాలేదు.

తంటా వచ్చింది ఎలుకతో కాదు, ఇంట్లో ఉండిపోయిన ఫోనుతో. పదకొండు గంటలకు సూపర్‌వైజరు ఆమె బల్ల దగ్గరికి వచ్చి, గొంతు బాగా తగ్గించి అన్నాడు.

"మేడం, పొద్దున మీకు ఫోన్ చేశాను. ఎవరో ఎత్తారు గానీ మాట్లాడలేదు. ఊపిరి మాత్రం వినిపించింది. గర్... టిక్... గర్... టిక్ అని. మీ అత్తగారేనా? పాపం, బాగా ఆయాసపడుతున్నారు. డాక్టరుకి చూపించండి మేడం, నిర్లక్ష్యం చెయ్యకండి."

"మా అత్తగారు కాదండీ" అనబోయి చెవమ్మ ఆగింది. కాకపోతే మరెవరని అడుగుతాడు.

"చూపిస్తానండీ" అంది.

ఆయన జాలిగా తలూపి వెళ్ళిపోయాడు. చెవమ్మ మాత్రం ఆ గర్, టిక్‌ను గుర్తుపట్టింది. ఇంట్లో ఉన్న ఎలుకలు రెండు. సొరుగులో ఉన్నది చెల్లి. బటన్ల ఫోను మీద ఎక్కి కూర్చుని, కాల్ ఎత్తి, సూపర్‌వైజరుకు ఊపిరి వినిపించింది అక్క. ఎనిమిది రోజులుగా చెవమ్మ రోజూ పొద్దున్నే అక్కను చెవికి ఆనించుకుని వింటోంది. వింటూ, ఏం లేదులే, జలుబే, అదే తగ్గుతుందని తనకు తనే చెప్పుకుంటోంది. పక్కన బాంబు పేలినా "ఏదో చప్పుడైనట్టుంది" అనే సూపర్‌వైజరుకు, ఊరి ఆ చివర్నుంచి ఫోన్లో వినిపించిందంటే, ఇక అది జలుబు కాదు.

చెవమ్మకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఆఫీసు రికార్డుల్లో ఉంది. అది అక్కడే ఉండిపోయింది. ఆమె పంతొమ్మిదేళ్ళుగా ఒక వాషింగ్ మెషీన్ల కంపెనీలో ఫిర్యాదుల విభాగంలో పనిచేస్తోంది. కిటికీలు లేని హాలు, పదకొండు బల్లలు, బల్లకీ బల్లకీ మధ్య గుండుసూదులు గుచ్చుకునే పచ్చ అట్టలు, ఊగుతూ తిరిగే ఒక ఫ్యాను. కొత్తగా చేరినవాళ్ళకు కస్టమర్ని అడగాల్సిన నలభై ప్రశ్నల జాబితా ఇస్తారు. చెవమ్మ అడిగేవి రెండే.

మొదటిది ప్రశ్న కూడా కాదు. "ఫోను మిషన్ దగ్గర పెట్టండి." అంతే. పెట్టాక కళ్ళు మూసుకుని వింటుంది. బెల్టు వదులైతే ఒక కీచు, బేరింగు అరిగితే ఒక మూలుగు, చొక్కా గుండీ ఊడి డ్రమ్ము సందులో పడితే ఒక టకటక. ఆమె చెప్పిన స్పేరుపార్టు ఒక్కటే జేబులో వేసుకుని మెకానిక్కులు బండెక్కేవాళ్ళు. ఒకసారి ఒకాయన, మిషన్ ఆపేసినా మూలుగుతోందని గగ్గోలు పెట్టాడు. చెవమ్మ విని, "అది మిషన్ కాదండీ, పక్క గదిలో ఎవరో గురక పెడుతున్నారు" అంది. ఆయన వెళ్ళి చూసొచ్చి, "మా మామగారండీ" అని ఫోను పెట్టేశాడు. ఆ రోజు నుంచే మెకానిక్కులు ఆమెను చెవమ్మ అనడం మొదలుపెట్టారు.

రెండోది: "ఈ శబ్దం మొదలయ్యే ముందు ఇంట్లో ఏం మారింది?"

దీనికి లోకంలో అందరూ చెప్పే జవాబు ఒక్కటే. "ఏమీ మారలేదండీ."

చెవమ్మ ఏమీ అనదు. లోపల మూడు లెక్కపెడుతుంది. మూడో అంకె దగ్గర అవతలి గొంతు నసుగుతుంది. "అంటే... మొన్న బాత్రూంలో రాళ్ళు మార్పించాం." "అంటే... మా బావమరిది మిషన్ మీద కూర్చుని పేపరు చదివాడు."

"ఆ 'అంటే' కోసమేనయ్యా మనకి ఈ ఉద్యోగం" అని కొత్తవాళ్ళకు చెబుతుంది. "ఎవరికి వాళ్ళకి తమ ఇంట్లో మార్పు కనపడదు. అది కళ్ళముందే ఉంటుంది గనక."

ఇదీ బయట ఆమె పేరు. ఇంటికొస్తే ఆమె పేరు "అమ్మాయ్".

అలా పిలిచేది అత్తగారు. వరండాలో మంచం మీద, వీధి మొత్తం కనిపించేలా కూర్చుంటుంది. టీ వేడిగా ఉందని ఒక ఫిర్యాదు, ఊదుకుని తాగేలోగా చల్లారిందని రెండోది. ఎండ, వాన, ఎదురింటివాళ్ళ స్కూటరు, చెవమ్మ చెప్పుల చప్పుడు, అన్నీ ఆమె దృష్టికి వస్తాయి. ఆఫీసులో డెబ్బై, ఇంట్లో ముప్పై, రోజుకు వందకు తగ్గవని చెవమ్మ లెక్క. అత్తగారికి పాతకాలపు ఉబ్బసం ఉంది. అందుకోసం మందును ఆవిరిలా మార్చి ముక్కుకు అందించే చిన్న మిషన్ ఒకటి మంచం పక్కన స్టూలు మీద ఉంటుంది. "నా మిషన్" అంటుంది దాన్ని. దుమ్ము పడకుండా చేతిరుమాలు కప్పి ఉంచుతుంది.

భర్త వడ్రంగి. రెండు వీధులవతల రేకుల షెడ్డు. ఆయన తీరు తల్లికి పూర్తిగా వ్యతిరేకం. ఏ మాటైనా రెండుసార్లు కొలిచి ఒకసారి కోస్తాడు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆయన "బాగుంది" అనగా చెవమ్మ నాలుగుసార్లు వింది. అందులో రెండు, చెక్కను చూసి అన్నవి.

ఎలుకలు కూతురి పుణ్యం. వేరే ఊళ్ళో కాలేజీలో చదువుతున్న పిల్ల, సెలవులకొచ్చి వెళ్తూ చెప్పులపెట్టె ఒకటి తల్లి చేతిలో పెట్టింది. "రెండ్రోజులు చూడమ్మా, హాస్టల్లో ఒప్పుకోవట్లేదు. కాస్త అటూ ఇటూ సర్దుకోగానే తీసుకెళ్తా" అంది. అది పద్నాలుగు నెలల కిందటి మాట. బూడిదరంగులో బొద్దుగా ఉండేది అక్క. తెల్లటి ఒంటికి గోధుమరంగు తల ఉన్న సన్నటిది, కనిపించినదల్లా కొరికేది చెల్లి.

"వీటికి నువ్వు అమ్మవైతే, నేను నాయనమ్మనా?" అని అత్తగారు మొదటివారమే నిలదీసింది. "నలుగురూ వింటే ఏమనుకుంటారు?"

"మీరు గట్టిగా చెబితే తప్ప ఎవరూ వినరత్తయ్యా" అంది చెవమ్మ.

భర్త నెల రోజులు వాటివైపు కన్నెత్తి చూడలేదు. తర్వాత ఒక సాయంత్రం గోనెసంచీ ఒకటి పట్టుకొచ్చాడు. లోపల చెక్కపొట్టు. ఊరికే ఊడ్చి తెచ్చినది కాదు, పొడి అంతా జల్లెడ పట్టి పారబోసి, మెత్తని చుట్టల్లాంటి పొరలు మాత్రం ఏరి తెచ్చాడు. పంజరం అడుగున పరిచి, అరచేత్తో సాపు చేశాడు. చంటిపిల్ల పక్క సర్దినట్టు. అక్క వచ్చి ఆ చేతిని వాసన చూసింది. ఆయన చెయ్యి కదపలేదు. తర్వాతి వారం పంజరంలోకి చిన్న నిచ్చెన, ఆపై వారం రెండో అంతస్తు వచ్చాయి. దీని గురించి ఇంట్లో ఎవరూ ఏమీ మాట్లాడుకోలేదు. చెవమ్మ మాత్రం ఆయన ఆ సంచీ భుజాన వేసుకుని గేటు తీస్తుంటే, కూరగాయలు తరగడం ఆపి చూసేది.

కొన్నాళ్ళకు అత్తగారు కొత్త ఫిర్యాదు పెట్టింది. "వరండా అంతా ఎలుకల కంపు! నా పక్కనే వాటి కాపురం!"

భర్త విన్నాడు. అప్పుడే షెడ్డుకు ఒక పెద్దింటివాళ్ళ అల్మారాల పని వచ్చింది. అన్నీ దేవదారు చెక్కతో కావాలన్నారు. మర్నాటి సంచీలో ఆ పొట్టు వచ్చింది. పరవగానే వరండా అంతా కొత్త అల్మారా తలుపు తెరిచినట్టు గుమగుమలాడింది. అత్తగారు గట్టిగా గాలి పీల్చింది, ఏదో అనాలని చూసింది, ఏమీ దొరక్క ముఖం చిన్నది చేసుకుంది. ఆయన భార్య వైపు తిరిగి, "బాగుంది కదూ" అన్నాడు.

ఐదోసారి. దానికి పైన ఒక "కదూ" కూడా.

అక్కకు తుమ్ములు మొదలైంది ఇది జరిగిన నెలన్నరకు. ఒక పొద్దున ముక్కు చుట్టూ ఎర్రగా కనిపించేసరికి చెవమ్మ రక్తమనుకుంది. కూతురికి ఫోను చేస్తే, "రక్తం కాదమ్మా, భయపడకు. ఎలుకల కన్నీళ్ళ రంగే అంత. ఒంట్లో బాగోనప్పుడు ఎక్కువగా కారుతుంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపిరి విను" అంది. అలా మొదలైంది, ఎలుకలను ఫోనులా చెవికి ఆనించుకోవడం.

సూపర్‌వైజరు జాలిపడిన ఆ సాయంత్రమే చెవమ్మ రెండింటినీ చెప్పులపెట్టెలో పెట్టుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. గదినిండా కుక్కలు. పెట్టెలోంచి వాసన తగిలి ఒక్కొక్కటే తల ఇటు తిప్పాయి. చెవమ్మ పెట్టెను ఒళ్ళోకి లాక్కుని, తనకేమీ తెలియనట్టు గోడమీద టీకాల పట్టిక చదివింది. పక్కనున్నావిడ అడిగింది.

"ఏం పెంచుతున్నారండీ?"

"చిన్నవే."

"ఏ జాతి?"

"మామూలు జాతేనండీ."

డాక్టరమ్మ చిన్నవయసు మనిషి, నిజాయితీపరురాలు. "నేను చూసేవి ఎక్కువగా కుక్కలూ పిల్లులూనమ్మా. ఎలుకల గురించి పుస్తకం తిరగేసి చెబుతాను, ఏమనుకోకండి" అని ముందే చెప్పింది. అక్క ఛాతీ మీద గొట్టం ఆనించి చాలాసేపు వింది. "ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షను. ఆ క్రిమి చాలా ఎలుకల్లో పుట్టినప్పట్నుంచీ ఉంటుంది, చప్పుడు చెయ్యకుండా పడుంటుంది. ఏదో ఒకటి ఊపిరికి ఇబ్బంది పెడితే లేస్తుంది. ఈమధ్య పంజరంలోగానీ ఇంట్లోగానీ ఏమైనా మారిందా?"

"ఏమీ మారలేదండీ" అంది చెవమ్మ.

"కింద ఏం పరుస్తున్నారు?"

"మొదట్నించీ చెక్కపొట్టేనండీ. మా ఆయనే తెస్తారు. జల్లెడ పట్టి మరీ."

డాక్టరమ్మ తలూపి రాసుకుంది. మూడు లెక్కపెట్టడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. పూటకు ఇన్ని చుక్కలని మందు రాసిచ్చి, రోజూ పది నిమిషాలు ఆవిరి మందు పట్టించమంది. "ఆ మిషన్ బయట దొరుకుతుంది."

"ఇంట్లో ఉందండీ" అంది చెవమ్మ, అత్తగారి చేతిరుమాలు గుర్తొచ్చి.

అత్తగారిని అడగడానికి ఆమె ఒక పూటంతా నీళ్ళు నమిలింది. చివరికి అడిగితే, అత్తగారు రుమాలు కప్పిన మిషన్ మీద చెయ్యేసి, ఇల్లు రాసిమ్మని అడిగినట్టు చూసింది.

"నా ముక్కుకి పెట్టుకునేది ఎలుక ముక్కుకి పెడతావా?"

"దానికి వేరే గొట్టం, వేరే తొడుగు తెచ్చానత్తయ్యా. మీది మీకే. మిషన్ ఒక్కటే."

"రేపు దాని రోగం నాకొస్తే?"

"డాక్టరమ్మని అడిగాను, రాదంది."

"నా రోగం దానికొస్తే?"

దీనికి జవాబు చెవమ్మ దగ్గర లేకపోయింది. అత్తగారికి అదే నచ్చినట్టుంది. మూతి తిప్పుకుని రుమాలు తీసింది.

మూతకు చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో ఎలుకలిద్దరినీ కూర్చోబెట్టి గొట్టం తగిలిస్తే, లోపల పొగమంచు కమ్ముకునేది. చెల్లి మూతిని చిల్లులోంచి బయటపెట్టి అత్తగారిని చూసేది. అక్క మూల కూర్చుని కళ్ళు మూసుకునేది. మందు చుక్కలు అరటిపండు గుజ్జులో కలిపి వేలిమీద పెడితే మొదట్లో నాకింది. తర్వాత్తర్వాత వేలిని చూసి ముఖం తిప్పుకునేది. పన్నెండు రోజులు గడిచాయి. ఊపిరి తీసినప్పుడల్లా అక్క డొక్కలు లోపలికి పోతున్నాయి. చెవమ్మ పొద్దున్నే వింటుంది, సాయంత్రం వింటుంది. గర్, టిక్. గర్, టిక్. మొన్నమొన్నటిదాకా మామూలుగా ఉన్న చెల్లిలో కూడా ఒక సన్నటి కీచు మొదలైంది.

భర్త చూస్తూనే ఉన్నాడు. ఏమనాలో తెలియని మనిషి గనక, ఉన్న ఒక్క దారీ పట్టుకున్నాడు. సంచీ రెండింతలు చేశాడు. పొట్టు మందంగా, మెత్తగా, మరింత సువాసనగా పరిచాడు. "వెచ్చగా ఉంటుంది పాపం" అన్నాడు.

పదమూడో రోజు చెవమ్మ బల్ల మీద ఒక కాల్ వచ్చింది. అవతల ఎవరో ఆడమనిషి, గొంతు నెమ్మది. మిషన్ తిరుగుతుంటే గది దద్దరిల్లిపోతోందనీ, నడిచి తలుపు దాకా వస్తోందనీ చెప్పింది. చెవమ్మ వింది. బేరింగు బాగుంది. బెల్టు బాగుంది.

"ఇది మొదలయ్యే ముందు ఇంట్లో ఏం మారిందండీ?"

"ఏమీ మారలేదండీ."

ఒకటి. రెండు. మూడు.

"అంటే... మా ఆయన మిషన్ కింద మెత్తటి పరుపులాంటిది ఒకటి వేశారు. చప్పుడుకి నా నిద్ర చెడిపోతోందని, పాపం, ఆయనే కొలిచి కత్తిరించి తెచ్చారు."

"అదేనండీ. కింద మెత్తగా ఉంటే మిషన్ నిలబడలేదు. తీసేయండి."

ఆ గొంతు ఇంకా నెమ్మదించింది.

"ఆయన ఎప్పుడూ ఏదీ తెచ్చే మనిషి కాదండీ. ఇదొక్కటీ తెచ్చారు. అదే తీసెయ్యమని ఎలా చెప్పను?"

పంతొమ్మిదేళ్ళలో చెవమ్మ ఏ కాల్‌కూ జవాబు తడుముకోలేదు. ఆ రోజు ఆమె చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. ముక్కుకు ఎక్కడినుంచో కొత్త అల్మారా వాసన తగిలినట్టయింది. మొదట్నించీ చెక్కపొట్టేనండీ. అంటే... మొదట్లో వాసన లేని పాత తలుపుల చెక్క. అంటే... రెండు నెలల నుంచి దేవదారు. అంటే... కంపు తెలియట్లేదు కదా అని, రోజు విడిచి రోజు శుభ్రం చేసే పంజరాన్ని వారానికొకసారి చేస్తున్నాం.

"హలో? ఉన్నారా అండీ?"

"ఉన్నానండీ" అంది చెవమ్మ. "ఆయనకి ఎలా చెప్పాలో నాక్కూడా తెలీదు. తెలిస్తే నేనే మీకు ఫోన్ చేస్తాను."

టీ విరామంలో డాక్టరమ్మకు ఫోను చేసింది. దేవదారు అనగానే అటునుంచి పుస్తకం పేజీలు తిరగేసిన చప్పుడు, ఆ తర్వాత ఒక నిట్టూర్పు వినిపించాయి. "ఆ వాసన నూనె వాటి ఊపిరితిత్తులకి అస్సలు పడదమ్మా. పైగా తడిసిన పొట్టు నుంచి లేచే ఘాటు ఇంకా చెడ్డది. అది ఏ చెక్కో నేను అడగలేదు చూశారా, నాదే పొరపాటు. వెంటనే తీసేయండి."

సాయంత్రం చెవమ్మ ఇంటికి వెళ్ళలేదు, షెడ్డుకు వెళ్ళింది. భర్త గుమ్మానికి వీపు పెట్టి, రేకుల సందులోంచి పడే వెలుతురులో జల్లెడ ఆడిస్తున్నాడు. పక్కన గోనెసంచీ నోరు తెరుచుకుని ఉంది. దారంతా కూర్చుకున్న మాటలన్నీ ఆ వీపును చూడగానే ఎటో పోయాయి.

"ఏంటి, ఇటొచ్చావు? అక్కకెలా ఉంది?" అన్నాడాయన.

"ఏమండీ, ఇవాళ ఒక కాల్ వచ్చింది" అని మొదలుపెట్టింది చెవమ్మ. మిషన్ గురించి చెప్పింది, తలుపు దాకా నడిచి రావడం గురించి చెప్పింది. ఆ ఇంటాయన కొలిచి కత్తిరించి తెచ్చిన పరుపు గురించి మాత్రం నేల చూస్తూ చెప్పింది. ఆయన జల్లెడ ఆడిస్తూనే విన్నాడు. చప్పుడు కొంచెం కొంచెంగా నెమ్మదించింది, తర్వాత ఆగింది.

జల్లెడలో ఉన్న పొరలను చాలాసేపు చూశాడు. ఒకటి తీసి వాసన చూశాడు.

"ఆ పరుపు తెచ్చినవాణ్ణి నేనేనా?" అన్నాడు.

చెవమ్మ తలూపింది.

"డాక్టరు చెప్పిందా?"

"ఆ. తప్పు మీదొక్కళ్ళదే కాదండీ. కంపు లేదని నేనూ శుభ్రం చెయ్యడం మానేశాను. లోకంలో అందర్నీ ఏం మారిందని అడిగేదాన్ని, నన్ను అడిగితే ఏమీ మారలేదన్నాను."

ఆయన చిత్రికపట్టే సాధనం తీసుకుని, పనేమీ లేని ఒక చెక్కముక్కను అటూ ఇటూ నాలుగుసార్లు గీశాడు. గీసి పక్కన పెట్టాడు. దుమ్ముకు కాబోలు, కళ్ళు నులుముకున్నాడు.

"మరి కింద ఏం వెయ్యాలి?"

"కాగితం మంచిదంది. పొడి రాలనిది."

"కాగితమా?" అన్నాడు, వడ్రంగికి అంతకన్నా అవమానం లేదన్నట్టు. కానీ లేచి, సంచీని షెడ్డు వెనక్కి తీసుకెళ్ళి బోర్లించాడు. ఖాళీ సంచీ దులిపి, మడిచి చంకలో పెట్టుకుని, "పద" అన్నాడు. ఆ సాయంత్రం పంజరాన్ని కడిగింది ఆయనే. వేడినీళ్ళతో, మూలమూలలా, నిచ్చెన మెట్లు ఊడదీసి మరీ.

కాగితానికి చెవమ్మ ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది. ఆఫీసులో పరిష్కారమైన ఫిర్యాదుల చీటీలను ఏడాది నిండాక మిషన్లో వేసి సన్నటి పట్టీలుగా చీల్చేస్తారు. సంచులకు సంచులు. సూపర్‌వైజరును అడిగితే, "తీసుకెళ్ళండి మేడం, మీ అత్తగారి కోసమేగా?" అన్నాడు. ఉబ్బసం మనిషి చీల్చిన కాగితాలను ఏం చేసుకుంటుందని ఆయన అనుకున్నాడో ఎవరికీ తెలియదు. చెవమ్మ అడగలేదు.

మొదటి సంచీ ఇంటికి రాగానే భర్త అందులో చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి తీశాడు. వేలిచివర రక్తపు చుక్క.

"పిన్నులు" అన్నాడు. ఆయన ముఖం ఎన్నాళ్ళకో వెలిగింది. "చీటీలకి కొట్టే పిన్నులు అలాగే ఉన్నాయి ఇందులో. చూసుకోకుండా వేస్తే వాటి కాళ్ళు ఏమైపోతాయి?"

షెడ్డుకు వెళ్ళి జల్లెడ పట్టుకొచ్చాడు. దాని అడుగున అయస్కాంతం ముక్కలు నాలుగు బిగించాడు. ఆనాటి నుంచి రోజు విడిచి రోజు సాయంత్రం వరండాలో కూర్చుని కాగితాలు జల్లించడం ఆయన పని. ఒక్కో పిన్నూ తీసి డబ్బాలో వేస్తాడు. పట్టీలను పరిచి అరచేత్తో సాపు చేస్తాడు. జనం అరిచి, ఏడ్చి, బతిమాలి రాయించిన ఫిర్యాదుల మీద అక్కాచెల్లెళ్ళు హాయిగా నిద్రపోతారు.

కాగితం మార్చిన వెంటనే మాత్రం ఏమీ బాగుపడలేదు. మూడో రోజు అక్క అసలేమీ తినలేదు. భర్త షెడ్డుకు వెళ్ళకుండా పంజరం ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. చెవమ్మ సెలవు పెట్టి, అరటిపండు గుజ్జు వేలిమీద పెట్టుకుని గంటసేపు అలాగే చెయ్యి చాపి ఉంచింది. అత్తగారు మంచం మీదినుంచి, "అలా మీద పడి చూస్తుంటే ఎవరు తింటారు? మీరిద్దరూ అవతలికి పొండి" అని కసిరింది. పోయారు. లోపలినుంచి తొంగి చూస్తే, అత్తగారు అటూ ఇటూ చూసి, తన బిస్కెట్టు టీలో ముంచి, ఊదుకుని, పంజరం ఊచల సందులో పెట్టింది. అక్క లేచి, మెల్లగా వచ్చి, ముందు వాసన చూసింది, తర్వాత తింది.

"డాక్టరమ్మ టీ పెట్టమనలేదే" అన్నాడు భర్త గుసగుసగా.

"వద్దనీ చెప్పలేదు" అంది చెవమ్మ.

అక్కడి నుంచి రోజుకు కాస్త. డొక్కలు ఎగరడం తగ్గింది. ముక్కు చుట్టూ ఎరుపు పోయింది. చెల్లి కీచు వారంలోనే మాయమైంది. నెల తిరిగాక ఒక పొద్దున చెవమ్మ అక్కను చెవికి ఆనించుకుని, ఆనించుకునే ఉండిపోయి, బస్సు పోగొట్టుకుంది. గర్ లేదు. టిక్ మాత్రం ఎప్పుడో ఒకసారి, ఎక్కడో లోపల, పాత గడియారంలా. "అది ఉంటుందమ్మా, పూర్తిగా పోదు" అంది డాక్టరమ్మ. "మళ్ళీ లేవకుండా చూసుకోవడమే. వారానికి రెండుమూడు సార్లు ఆవిరి మానకండి." చెవమ్మకు అది కొత్త కాదు. అరిగిన బేరింగుతో ఏళ్ళకేళ్ళు తిరిగే మిషన్లను ఆమె ఎన్నో విన్నది.

ఆ మధ్యలోనే ఆమె చెవి ఇంకో సంగతి కనిపెట్టింది. టీ అందించడానికి వంగినప్పుడల్లా అత్తగారి ఛాతీలోంచి వినిపించే పిల్లనగ్రోవి లాంటి చప్పుడు ఇప్పుడు లేదు. దేవదారు పొట్టు రెండు నెలలు ఆ మంచం పక్కనే ఉండేది మరి. కొడుకు తెచ్చేది గనక ఆ ఒక్కదాని మీదా ఆవిడ ఫిర్యాదు పెట్టలేదు. చెవమ్మ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నెమ్మది గొంతు ఆవిడకు మాత్రం ఫోను చేసి, "మీ సంగతి కాదు, ఇంకెవరిదో అన్నట్టు చెప్పండి, ఆయనకే తెలిసిపోతుంది" అంది.

మొన్న ఆదివారం సాయంత్రం వరండాలో అందరూ ఉన్నారు. భర్త జల్లెడ ఆడిస్తున్నాడు. ఆవిరి మిషన్ బుర్రుమంటోంది. డబ్బాలో పొగమంచు, పొగమంచులో అక్క, చిల్లులో చెల్లి మూతి. మూత కదలకుండా వేలితో నొక్కిపట్టుకున్నది అత్తగారే. ఆ మిషన్‌తో ఆవిడకు పని పడి నలభై రోజులు దాటింది. అయినా హక్కు హక్కే.

"ఏమమ్మాయ్! నేను కొనిపించుకున్న మిషన్ నా ముక్కుకే లేకుండా పోయింది. నా వంతు ఎప్పుడొస్తుంది ఈ ఇంట్లో?"

చెవమ్మ డబ్బా మీదినుంచి చెవి తియ్యకుండానే అంది.

"మీ ఫిర్యాదు నమోదైందత్తయ్యా, లైన్లో మీకన్నా ముందు ఇద్దరున్నారు."